నెత్తికి రక్తం బాగా పారితే జుట్టు పెరుగుతుందా? కుదురు చుట్టూ ఉన్న నాళాలు, కొవ్వు, కండరం, నాడులు చేసే పని ఏమిటి?

అడయార్_లలిత

అందరికీ నమస్కారం. చెన్నైలో హెయిర్‌కేర్ డిప్లొమా చేసే తెలుగు అమ్మాయిలకు తల చర్మం, వెంట్రుక కుదురు మీద నాలుగు క్లాసులు చెప్పాలి. పుస్తకంలో కుదురు బొమ్మ ఉంది. పక్కన ఎర్రగా ఒక ధమని, నీలంగా ఒక సిర గీసి వదిలేశారు. అంతకు మించి ఒక్క ముక్క లేదు.

నా సందేహం ఇది. టి.నగర్‌లో ఏ సెలూన్ రేటు కార్డు చూసినా, ఏ నూనె సీసా తిప్పి చూసినా "రక్తప్రసరణ పెంచి జుట్టు మొలిపిస్తుంది" అనే ఉంటుంది. మరి బట్టతల మీద చిన్న గాయమైనా రక్తం ధారగా కారుతుంది కదా? రక్తం అందకే జుట్టు పోయిందంటే ఆ రక్తం ఎక్కడిది? నాళాలు వెంట్రుకను పెంచుతాయా, వెంట్రుక పెరుగుతోంది కాబట్టి నాళాలు వస్తాయా? కుదురు చుట్టూ ఉన్న కొవ్వుకు, కండరానికి, నాడులకు ఇందులో పని ఉందా?

రెండోది, కస్టమర్లు అడిగే మసాజ్, సూదుల రోలర్, మినాక్సిడిల్ మందు, గుండు గురించి పిల్లలు ఏం చెప్పాలి? ఎన్ని నిమిషాలు, ఎన్ని మిల్లీమీటర్లు అన్నంత వివరంగా కావాలి. "మంచిదేనమ్మా, చేయించుకోండి" అనే జవాబు మాత్రం వద్దండీ.


స్లైడు_పెట్టె

లలిత గారూ, ముందు ఆ ఎర్ర గీత సంగతి చూద్దాం. నెత్తి చర్మానికి ఒక్కో వైపు ఐదేసి ధమనులు వస్తాయి. నుదుటి మీదుగా పైకెక్కే రెండు చిన్నవి మెడలోని పెద్ద ధమని, లోపలి కెరోటిడ్ నుంచి వస్తాయి. కణత మీద వేలు పెడితే టిక్‌టిక్‌మని తగిలేదొకటి, చెవి వెనకది ఒకటి, మెడ వెనక నుంచి పైకి పోయేదొకటి, ఈ మూడూ బయటి కెరోటిడ్ కొమ్మలు. ఇవన్నీ మాడు మీద వలలా ఒకదానితో ఒకటి కలుస్తాయి. ఒకటి మూసుకుపోయినా పక్కది ఆదుకుంటుంది. పైగా ఈ నాళాలు చర్మం కిందున్న గట్టి పీచు పొరలో ఇరుక్కుని ఉంటాయి. తెగిన మూతిని ఆ పీచు లాగి పట్టుకోవడంతో అది ముడుచుకోలేదు. అందుకే తల మీద గాయం చిన్నదైనా గుడ్డ తడిసిపోతుంది. బట్టతలలో కూడా ఈ పెద్ద నాళాలకు ఏమీ కాదు. మీ అనుమానం సరైనదే.

మనం చూడాల్సినవి చిన్న నాళాలు. నెత్తి మీద బాగా ఎదుగుతున్న వెంట్రుక అడుగు భాగం చర్మం పైనుంచి సుమారు 4 మిల్లీమీటర్ల లోతున, కొవ్వు పొరలో కూర్చుని ఉంటుంది. కుదురు పై భాగానికి చర్మం పైపొర నాళాల నుంచి, కింది భాగానికి కొవ్వు దగ్గరి నాళాల నుంచి రక్తం వస్తుంది. కింది భాగం చుట్టూ సన్న నాళాలు నిలువుగా నడుస్తాయి, మధ్యమధ్య అడ్డంగా కలుపుకుంటాయి. నిచ్చెనను గుండ్రంగా చుట్టినట్టు ఊహించుకోండి. అడుగున ఉల్లిగడ్డ ఆకారం ఉంటుంది కదా, దాని గుంటలోకి చొచ్చుకుని ఉండే కణాల ముద్ద పేరు డెర్మల్ పాపిల్లా. పెద్ద వెంట్రుకైతే దాని లోపలికి కూడా ఒక కేశనాళిక మెలిక తిరిగి వెళ్తుంది. నూగు వెంట్రుకల పాపిల్లాలో చాలాసార్లు ఆ మెలిక ఉండదు.

ఇప్పుడు అసలు విషయం. ఈ నిచ్చెన శాశ్వతం కాదు. నెత్తి వెంట్రుక 2 నుంచి 6 ఏళ్లు పెరుగుతుంది, 2-3 వారాల్లో కుంచించుకుపోతుంది, సుమారు 3 నెలలు విశ్రాంతి తీసుకుని రాలుతుంది. దాంతో పాటే నాళాలూ పుడతాయి, పోతాయి. 2001లో యానో, బ్రౌన్, డెట్మార్ ఎలుకల మీద చూపించింది ఇదే. పెరిగే దశలో కుదురు చుట్టూ నాళాల విస్తీర్ణం నాలుగు రెట్లకు పైగా పెరుగుతుంది. పిలుపు కుదురు నుంచే వెళ్తుంది. దాని బయటి తొడుగు కణాలు వీఈజీఎఫ్ అనే ప్రొటీన్ వదిలి నాళాలను రప్పించుకుంటాయి. కుంచించుకునే దశ రాగానే త్రాంబోస్పాండిన్-1 అనే మరో ప్రొటీన్ ఆ నాళాలను వెనక్కి పంపుతుంది.

బయాప్సీ అడ్డకోతలో ఇది కంటికి కనిపిస్తుంది. 4 మిల్లీమీటర్ల పంచ్‌ను, అంటే గుండ్రంగా తీసిన చర్మం ముక్కను, అడ్డంగా పలచగా కోసి కొవ్వు మట్టంలో చూస్తే, ఆరోగ్యమైన నెత్తిలో ఉల్లిగడ్డలు కొవ్వు బుడగల మధ్య గుండ్రంగా, నీలంగా, ఒత్తుగా ఉంటాయి. బట్టతల మొదలైన చోట అదే మట్టంలో అవి తక్కువ. వాటి స్థానంలో లేత గులాబీ రంగులో, పీచుపీచుగా, సన్న నాళాలు నలిగి ఉన్న దారాలు కనబడతాయి. కుదురు పైకి కుంచించుకుపోతూ కింద వదిలిన జాడ అది. ఇల్లు ఖాళీ చేసి పోయాక మిగిలిన కరెంటు వైర్లలాంటివి ఆ నాళాలు. వైర్లు పాడవడం వల్ల ఇల్లు ఖాళీ కాలేదు.

ఇంకో సాక్ష్యం కేంబ్రిడ్జి నుంచి. 1990లో ఫిల్‌పాట్, గ్రీన్, కీలీ మనిషి తల కుదుళ్లను విడదీసి పోషకాల ద్రవంలో ఉంచితే, రక్తనాళం ఒక్కటీ లేకుండానే అవి కొన్ని రోజుల పాటు రోజుకు 0.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగాయి. మన తల మీద వెంట్రుక పెరిగేది రోజుకు సుమారు 0.35 మిల్లీమీటర్లే. కుదురుకు కావాల్సింది గ్లూకోజు, పోషకాలు, చెత్త తీసేసే దారి. అవి తగినంత అందాక ఇంకా రక్తం ఎక్కించినా వెంట్రుక వేగం పెరగదు.


వేళచ్చేరి_చర్మం

స్లైడు_పెట్టె గారూ, చెప్పినదంతా ఒప్పుకుంటాను గానీ నాళాన్ని వట్టి కూలీని చేసేశారు. యానో ప్రయోగంలో మీరు వదిలేసిన రెండో సగం ఉంది. బయటి తొడుగులో వీఈజీఎఫ్ ఎక్కువ వచ్చేలా మార్చిన ఎలుకల్లో జుట్టు త్వరగా తిరిగి వచ్చింది, కుదుళ్లు పెద్దవయ్యాయి, వెంట్రుక లావైంది. మామూలు ఎలుకలకు వీఈజీఎఫ్‌ను అడ్డుకునే యాంటీబాడీ ఇస్తే పెరుగుదల ఆలస్యమైంది, కుదురు చిన్నదైంది. అంటే నాళాలు కుదురు సైజును కొంత శాసిస్తాయి. వ్యవహారం ఇరువైపులా నడుస్తుంది.

కానీ మగవాళ్ల బట్టతలకు మూలం రక్తం కాదన్నది మాత్రం గట్టి మాట. 1942లో హామిల్టన్ చూపించాడు, యుక్తవయసుకు ముందే వృషణాలు పోయినవాళ్లకు బట్టతల రాదు. 1959లో న్యూయార్క్ డాక్టర్ ఓరెన్‌ట్రైక్ తల వెనక భాగం కుదుళ్లను బట్టతల మీద నాటితే అవి అక్కడే, అదే నేల మీద, అదే రక్తంతో పెరిగాయి. నేల ఎండిపోయి ఉంటే ఆ నారు బతికేదా? బట్టతల కుదురుకు డీహెచ్‌టీ హార్మోను పడదు. అది కుదురు లక్షణం.

బట్టతలలో చర్మం కింద రక్తప్రవాహం తగ్గిందని 1989లో కొలిచిన మాట నిజమే. ఆ కొలతను పట్టుకునే చాలామంది వ్యాపారం చేస్తున్నారు. పెద్ద కుదుళ్లు పోయిన చోట నిచ్చెనలూ పోతాయి, ప్రవాహం తగ్గకుండా ఎలా ఉంటుంది? ఆ కొలతను బట్టి ఏది ముందో తేల్చలేం.

రక్తం నిజంగా ఆగిపోతే ఏమవుతుందో పిల్లలకు చెప్పండి. పెద్ద వయసువాళ్లలో కణత ధమని వాచి మూసుకుపోయే జబ్బు ఒకటి ఉంది, జెయింట్ సెల్ ఆర్టరైటిస్. అందులో చాలా అరుదుగా నెత్తి చర్మమే నల్లబడి పుండవుతుంది. జుట్టు మెల్లగా పలచబడి ఊరుకోదు. 50 దాటినవాళ్లకు కొత్తగా తలనొప్పి, దువ్వెన తగిలితే నొప్పి, నమిలితే దవడ నొప్పి అంటే మసాజ్ చేయకూడదు. చూపు పోయే ప్రమాదం ఉంది కాబట్టి అదే రోజు డాక్టరు దగ్గరికి పంపాలి. సెలూన్‌లో పనిచేసే పిల్లలకు ఈ ఒక్కటి గుర్తున్నా చాలు.


ఎలుక_గది

బెంగళూరు నుంచి. చుట్టూ ఉన్న కణజాలం సంగతి ఇంకా ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి అది నేను చెబుతాను. ముందే ఒక హెచ్చరిక. కింద చెప్పేదాంట్లో ఎక్కువ భాగం ఎలుకల్లో తేలినది. ఎలుక వీపు మీద జుట్టు అలలు అలలుగా ఒకేసారి నిద్రలేస్తుంది. మన నెత్తి మీద ఏ కుదురు గడియారం దానిదే, లేకపోతే మనమూ ఏడాదికోసారి గుండుతో తిరగాల్సి వచ్చేది.

కొవ్వు: ఎలుకలో జుట్టు పెరిగే దశలో చర్మం కింది కొవ్వు పొర మందమవుతుంది, విశ్రాంతిలో పలచబడుతుంది. చాలాకాలం దాన్ని కేవలం మెత్త అనుకున్నారు. 2008లో ప్లికస్, చువాంగ్ బృందం నేచర్ పత్రికలో చూపించింది ఏమిటంటే, విశ్రాంతి దశ మొదటి భాగంలో కొవ్వు పొర, చర్మం బీఎంపీ అనే సంకేతం వదులుతూ "ఇప్పుడే లేవకు" అని కుదురును పడుకోబెడతాయి. ఆ సంకేతం తగ్గాకే కుదురు లేవడానికి సిద్ధమవుతుంది. అందుకే అప్పుడే పడుకున్న కుదురును ఎంత కుదిపినా లేవదు, కాస్త ఆగితే చిన్న కదలికకే లేస్తుంది. 2011లో హార్స్లీ బృందం ఇంకో వైపు చూపింది. ఇంకా పూర్తిగా కొవ్వు కణాలుగా మారని లేత కణాలు పీడీజీఎఫ్ అనే సంకేతం వదిలి కుదురును లేపడానికి సాయపడతాయి. ముదురు కొవ్వు ఆపుతుంది, లేత కొవ్వు లేపుతుంది అనుకోండి.

కండరం, నాడి: చలికి రోమాలు నిక్కబొడుచుకునేలా చేసే చిన్న కండరం కుదురు మధ్యలో బల్జ్ అనే ఉబ్బుకు అతుక్కుని ఉంటుంది. మూలకణాలు (స్టెమ్ సెల్స్) ఉండే చోటు సరిగ్గా అదే. 2020లో సెల్ పత్రికలో వచ్చిన పని ప్రకారం, ఈ కండరం సింపథెటిక్ నాడిని మూలకణాల దగ్గరికి తెచ్చి నిలబెట్టే గుంజలా పనిచేస్తుంది. నాడి కొస నార్ఎపినెఫ్రిన్ అనే రసాయనం వదిలితే మూలకణాలు మేల్కొంటాయి. ఆ ఎలుకల్లో కండరం తీసేస్తే నాడి వెనక్కిపోయింది, జుట్టు మొలవడం ఆలస్యమైంది. మనుషుల్లో దీనికి దగ్గరి పరిశీలన ఒకటుంది. బట్టతలలో కుంచించుకుపోయిన కుదుళ్ల నుంచి ఈ కండరం విడిపోయి ఆ చోటు కొవ్వుతో నిండుతుంది. పేనుకొరుకుడులో మాత్రం కండరం అంటుకునే ఉంటుంది. పేనుకొరుకుడులో జుట్టు తిరిగి రాగలదు, ముదిరిన బట్టతలలో రాదు అనడానికి ఇదొక కారణం కావచ్చని పరిశోధకులు భావిస్తున్నారు.

శోషరస నాళాలు: ఇవి బల్జ్ పక్కనే నడుస్తాయి. 2019లో రెండు వేర్వేరు బృందాలు, మూలకణాలు లేచే ముందు ఈ నాళాల అమరిక మారుతుందని చూపాయి. పడుకున్నప్పుడు మురుగు లాగేసే కాలువ దగ్గరగా ఉంటుంది, లేవబోయే ముందు కాస్త దూరం జరుగుతుంది. సంకేతాలు కొట్టుకుపోకుండా కాసేపు నిలవడానికి ఇది పనికొస్తుందని అంచనా.

రోగనిరోధక కణాలు: ఎదిగే ఉల్లిగడ్డ చుట్టూ ఒక రక్షణ ఉంటుంది, టీ కణాలు దాన్ని గుర్తుపట్టవు. ఆ తెర చిరిగితే వచ్చేదే పేనుకొరుకుడు. స్లైడు మీద ఉల్లిగడ్డ చుట్టూ టీ కణాలు తేనెటీగల గుంపులా ముసురుతాయి. పేరులో పేను ఉన్నా పేనుకు, పురుగుకు ఏ సంబంధమూ లేదు. దాని మీద వెల్లుల్లి, బొప్పాయి పాలు రుద్ది చర్మం కాల్చుకునేవాళ్లను ఆపండి. ఈ దాడిని ఆపే జాక్ నిరోధక మాత్ర బారిసిటినిబ్‌కు తీవ్రమైన పేనుకొరుకుడులో వాడటానికి అమెరికాలో 2022లో అనుమతి వచ్చింది.


అడయార్_లలిత

ముగ్గురికీ చాలా థాంక్సండీ. ఇల్లు, వైర్ల పోలికను క్లాసులో వాడుకుంటాను. ఒక చిన్న ప్రశ్న. దువ్వెనలో వచ్చిన వెంట్రుక చివర తెల్లటి గుండు చూసి "వేరుతో సహా ఊడింది, ఇక రాదు" అని ఏడుస్తారు. అది పాపిల్లానా?


స్లైడు_పెట్టె

కాదండీ. అది విశ్రాంతి దశ వెంట్రుక చివర గట్టిపడిన కెరాటిన్ ముద్ద. అగ్గిపుల్ల తలలా పొడిగా, తెల్లగా ఉంటుంది. పాపిల్లా చర్మంలోనే ఉండిపోతుంది, దాని నాళాలూ అక్కడే. రోజుకు 50 నుంచి 100 దాకా ఇలా రాలడం మామూలే. పెరుగుతున్న వెంట్రుకను బలవంతంగా పీకితే చివర నల్లగా, మెత్తగా, జిగురు తొడుగుతో వస్తుంది. రెంటినీ పక్కపక్కన నల్ల కాగితం మీదా తెల్ల కాగితం మీదా పెట్టి పిల్లలకు భూతద్దంలో చూపించండి, జన్మలో మరచిపోరు.

జ్వరం, డెంగీ, కాన్పు తర్వాత 2-3 నెలలకు గుప్పెళ్లుగా రాలేవి కూడా ఈ తెల్ల గుండు వెంట్రుకలే. అప్పుడు చాలా కుదుళ్లు ఒకేసారి విశ్రాంతిలోకి పోయాయి, అంతే. కుదురు చావలేదు.


పోరూరు_ఓటీ

హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ ఓటీలో నాళాల సంగతి సిద్ధాంతం కాదు, ప్రతి గంటా లెక్క. తల వెనక నుంచి నాటడానికి తీసిన గ్రాఫ్ట్‌కు (కుదురున్న చిన్న చర్మం ముక్కకు) ఆ క్షణం నుంచి రక్తం లేదు. నాటాక మొదటి ఒకటి రెండు రోజులు చుట్టూ ఊరిన ప్లాస్మాను స్పాంజిలా పీల్చుకుని బతుకుతుంది. సుమారు మూడో రోజుకు పక్క నాళాలతో కలవడం మొదలవుతుంది. 9-10 రోజులకు గట్టిగా అంటుకుంటుంది. అప్పటిదాకా పొక్కులు గోకితే గ్రాఫ్ట్ ఊడి వచ్చే అవకాశం ఉంది.

పోయే గ్రాఫ్ట్‌లలో చాలావరకు రక్తం లేక కాదు, ఎండిపోయి పోతాయి. ఏసీ గాలి, పైన లైటు వేడి, తడి ఆరిన గాజుగుడ్డ, ఈ మూడూ కలిస్తే కొన్ని నిమిషాల్లో గ్రాఫ్ట్ మెరుపు పోయి మసకగా, ముడతగా మారుతుంది. ఇక దాన్ని తిరిగి సెలైన్‌లో వేసినా లాభం తక్కువ. అందుకే చల్లటి సెలైన్‌లో, 4 డిగ్రీల దగ్గర, పూర్తిగా మునిగేలా ఉంచాలి. నాటేవాళ్ల వేలి మీద ఒకేసారి పది పరచుకోకూడదు. శరీరం బయట ఉన్న ప్రతి గంటకు సుమారు 1 శాతం గ్రాఫ్ట్‌లు తగ్గుతాయన్నది మా రంగంలో పాత లెక్క. గ్రాఫ్ట్ చుట్టూ కాస్త కొవ్వు, కణజాలం వదలాలి. చూడ్డానికి శుభ్రంగా ఉంటుందని పూర్తిగా గీకేస్తే త్వరగా ఎండుతుంది, పట్టుకునేటప్పుడు ఉల్లిగడ్డ నలుగుతుంది.

రెండో తప్పు అత్యాశ. చదరపు సెంటీమీటరుకు 25 నుంచి 35 గ్రాఫ్ట్‌లు ఒక సిట్టింగులో సాధారణం. ఒత్తుగా కనిపించాలని ఒకే చోట ఎక్కువ గాట్లు, లోతుగా పెడితే కింద నాళాల వలే తెగిపోతుంది. పైగా రక్తం కారకుండా కలిపే అడ్రినలిన్ నాళాలను ఇంకా బిగిస్తుంది. సిగరెట్ తాగేవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, పాత మచ్చ ఉన్న నెత్తి అయితే ఇంకా పలచగా నాటాలి. మాడు మధ్య భాగానికి అన్ని ధమనులూ చిట్టచివరి కొమ్మలతోనే చేరతాయి. చర్మం చచ్చిపోయే ప్రమాదం అక్కడే ఎక్కువ. నాటుతుండగా చర్మం పాలిపోయి, తర్వాత ఊదా రంగుకు తిరిగితే అక్కడ నాటడం ఆపేయాలి.

నాటిన వెంట్రుకలు 2 నుంచి 6 వారాల్లో రాలిపోతాయని ముందే చెప్పాలి. 3-4 నెలలకు కొత్తవి మొదలవుతాయి, పూర్తి ఫలితానికి ఏడాది. ఈ ముక్క ముందే చెప్పకపోతే రెండో నెలలో "డబ్బు పోయింది" అని ఫోన్లు వస్తాయి.


కీమో_వార్డు

రక్తం తగ్గించి జుట్టు కాపాడే పద్ధతి కూడా ఒకటుంది, ఇక్కడ చెప్పడం అవసరం. వేగంగా విభజించుకునే కణాలను కీమో మందు చంపుతుంది. ఉల్లిగడ్డ కణాలు శరీరంలో అతి వేగంగా విభజించుకునేవాటిలో ఉంటాయి. మందును అక్కడికి మోసుకొచ్చేది రక్తమే. అందుకని మందు ఎక్కే ముందు 30 నుంచి 45 నిమిషాలు, ఎక్కుతున్నంత సేపు, అయ్యాక మందును బట్టి సుమారు గంట నుంచి మూడు గంటలు చల్లటి టోపీ పెడతాం. నాళాలు బిగుసుకుంటాయి, కుదురు పని నెమ్మదిస్తుంది, మందు తక్కువ చేరుతుంది.

రొమ్ము క్యాన్సర్ మీద 2017లో జామా పత్రికలో వచ్చిన రెండు అధ్యయనాల్లో టోపీ పెట్టినవాళ్లలో సగం నుంచి మూడింట రెండు వంతుల మందికి సగానికి పైగా జుట్టు నిలిచింది. పెట్టనివాళ్లలో ఒక్కరికీ నిలవలేదు. టాక్సేన్ మందులతో ఫలితం మెరుగు, ఆంత్రాసైక్లిన్‌తో తక్కువ. విఫలమయ్యేది ఎక్కువగా టోపీ బిగువు దగ్గరే. మాడు మీదనో చెవుల పైనో వేలు దూరేంత సందు ఉంటే సరిగ్గా ఆ చోటే గుండ్రంగా ఊడుతుంది. జుట్టు కొద్దిగా తడిపి, వెనక్కి దువ్వి, నూనె లేకుండా పెట్టాలి. మొదటి 10-15 నిమిషాలు తలనొప్పి బాగా ఉంటుంది, తర్వాత మొద్దుబారుతుంది. రక్త క్యాన్సర్లకు దీన్ని వాడరు, ఎందుకంటే నెత్తిలో దాగిన క్యాన్సర్ కణాలకు కూడా మందు చేరాలి. చలి పడని రక్త సమస్యలున్నవాళ్లకూ వద్దు.

అమ్మాయిలు సెలూన్‌లో చేయాల్సిందల్లా, చికిత్సలో ఉన్నవాళ్లకు వేడి డ్రయ్యర్, రంగు, బిగుతు జడ పెట్టకపోవడం.


వేళచ్చేరి_చర్మం

లలిత గారూ, మీ రెండో ప్రశ్నకు వస్తున్నాను.

మసాజ్: 2016లో జపాన్‌లో తొమ్మిది మంది మగవాళ్లకు రోజుకు 4 నిమిషాలు, 24 వారాలు చేశారు. వెంట్రుక మందం 0.085 నుంచి 0.092 మిల్లీమీటర్లకు పెరిగింది, వెంట్రుకల సంఖ్య పెరగలేదు. తొమ్మిది మంది అంటే ఒక ఆటోలో రెండు ట్రిప్పులు, అంతకు మించి బరువు పెట్టకండి. చేసినవాళ్లు కూడా దీన్ని రక్తం ఖాతాలో మాత్రమే వేయలేదు, చర్మం సాగడం వల్ల పాపిల్లా కణాల మీద పడే ఒత్తిడి కారణం కావచ్చన్నారు. కాబట్టి వేలి కొసలు నెత్తికి ఆనించి చర్మాన్నే ఎముక మీద జరపాలి. వెంట్రుకల మీద అరచేయి రుద్దితే చిక్కులు, తెగడం తప్ప ఏమీ లేదు. నూనె వెంట్రుక కాడకు మంచిది, రాపిడి తగ్గిస్తుంది. కుదురుకు అది చేసేది పెద్దగా లేదు. చుండ్రు ఉన్న నెత్తి మీద రాత్రంతా నూనె ఉంచితే చుండ్రు పెరుగుతుంది.

రోలర్: 2013లో ముంబైలో 100 మంది మీద 12 వారాలు చేసిన పని ఉంది. వారానికోసారి 1.5 మిల్లీమీటర్ల రోలర్, దాంతో పాటు 5 శాతం మినాక్సిడిల్ వాడినవాళ్లకు లెక్కించిన చోట సగటున 91 వెంట్రుకలు పెరిగితే, మినాక్సిడిల్ ఒక్కటే వాడినవాళ్లకు 22. గాయం మానేటప్పుడు వచ్చే సంకేతాలు బల్జ్‌ను, పాపిల్లాను కదిలిస్తాయని భావన. రోలర్ వేసిన రోజు మినాక్సిడిల్ పెట్టకూడదు, కనీసం 24 గంటలు ఆగాలి, లేకపోతే గాయాల గుండా రక్తంలోకి ఎక్కువ పోతుంది. 1.5 మిల్లీమీటర్లంటే రక్తపు చుక్కలు కనబడే లోతు. ఇది సెలూన్ పని కాదు, క్లినిక్ పని. ఒకరి రోలర్ ఇంకొకరికి వాడితే హెపటైటిస్ అంటుకోవచ్చు. సూదులు వంగిన రోలర్ కొక్కెంలా చర్మాన్ని చీలుస్తుంది. చీము పొక్కులు, సొరియాసిస్ ఉన్న నెత్తి మీద అసలే వద్దు.

మినాక్సిడిల్: మొదట బీపీ మాత్ర. నాళాలు వెడల్పు చేస్తుంది కాబట్టే జుట్టు మొలుస్తుందని అందరూ అంటారు. మరి హైడ్రలజీన్ కూడా నాళాలు వెడల్పు చేసే బీపీ మందే, దాన్ని ఎవరూ జుట్టుకు వాడరు. మినాక్సిడిల్, డయజాక్సైడ్ కణాల పొటాషియం ద్వారాలు తెరుస్తాయి. ఒంటి మీద వెంట్రుకలు పెంచేవి ఇవి. పైగా మినాక్సిడిల్ పనిచేయాలంటే కుదురు తొడుగులోని సల్ఫోట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైము దాన్ని సల్ఫేటుగా మార్చాలి. ఆ ఎంజైము తక్కువ ఉన్నవాళ్లకు సీసాలు సీసాలు పోసినా ఫలితం అంతంతే. ఇది విశ్రాంతిలో ఉన్న కుదురును ముందే లేపుతుంది. అందుకే మొదటి 2 నుంచి 8 వారాల్లో పాత వెంట్రుకలు ఎక్కువ రాలతాయి. సరిగ్గా అక్కడే భయపడి మానేస్తారు.

మగవాళ్లకు వాడకం ఒకసారికి 1 మిల్లీలీటరు, రోజుకు రెండుసార్లు, పొడి నెత్తి మీద. పాయ తీసి చర్మానికి తగిలేలా పెట్టాలి, జుట్టుకు పూస్తే వృథా. 4 గంటలు తడపకూడదు. చెన్నై మే నెలలో పెట్టిన పది నిమిషాలకే చెమటతో కలిసి నుదుటి మీదికి దిగుతుంది. కణతల మీద, బుగ్గల మీద నూగు రావడానికి అదొక కారణం. ఫ్యాను కింద ఆరనిచ్చాకే బయటికి వెళ్లాలి, పడుకునే ముందు కనీసం గంటా రెండు గంటలు ఆరాలి. దురద, ఎర్రదనం వస్తే చాలాసార్లు తప్పు మినాక్సిడిల్‌ది కాదు, అందులోని ప్రొపైలిన్ గ్లైకాల్‌ది. అది లేని ఫోమ్‌కు మారితే తగ్గుతుంది. తెల్లటి పొడి రాలితే చుండ్రు అనుకోవద్దు, మందు ఎండిన పొడి కావచ్చు. 4-6 నెలలకు గానీ తేడా తెలియదు, ఆపితే వచ్చింది కొన్ని నెలల్లో పోతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు. ఇంట్లో పిల్లి ఉంటే చాలా జాగ్రత్త, చర్మం మీది చుక్కను నాకినా ప్రాణం మీదికి వస్తుంది.

గుండు: తిరుపతిలో ఇచ్చిన గుండు మొక్కు కోసం. కత్తి కోసేది చర్మం పైనున్న చచ్చిన కాడను, కుదురు 4 మిల్లీమీటర్ల కింద ఉంది. కోసిన కొస మొద్దుగా ఉండటం వల్ల గరుకుగా, ఒత్తుగా తోస్తుంది. శీర్షాసనం, తల కిందికి వేలాడదీసి దువ్వడం కూడా అంతే, నెత్తికి రక్తం కాసేపు చేరుతుంది, లేవగానే దిగుతుంది. బీపీ, గ్లాకోమా ఉన్నవాళ్లకు నష్టమే. బోరు నీళ్ల ఉప్పు కాడను గరుకు చేస్తుంది, కుదురు దాకా పోదు. హెల్మెట్ ఒత్తిడి ధమనులను మూసేంత కాదు.


అడయార్_లలిత

ఇంకొక్కటి అడిగి ఆపుతాను. మా దగ్గరికి భరతనాట్యం పిల్లలు ఎక్కువ వస్తారు. సవరం, పూలజడ, నెత్తిచుట్టి బిగించి కడతారు. నుదుటి అంచున పలచబడుతోంది. అక్కడ రక్తం ఆగిపోవడమేనా?


స్లైడు_పెట్టె

ప్రధానంగా రక్తం కాదండీ, లాగుడు. బరువైన సవరం వేలాడినప్పుడు ఆ బరువంతా నుదుటి అంచున, కణతల దగ్గర కొన్ని వందల కుదుళ్ల మీద పడుతుంది. ముందు కుదురు చుట్టూ వాపు, ఎర్రటి చిన్న పొక్కులు, జడ విప్పాక గంటల పాటు నొప్పి. ఈ దశలో లాగడం ఆపితే కొన్ని నెలల్లో జుట్టు తిరిగి వస్తుంది. ఏళ్ల తరబడి కొనసాగితే వాపు ఉన్న చోట పీచు పేరుకుంటుంది, మూలకణాల బల్జ్ పోతుంది, అది మచ్చ. మచ్చ పడ్డ చోట ఏ మందూ, ఏ మసాజూ కుదురును తిరిగి తేలేదు.

తేడా ఇలా చూడండి. పలచబడ్డ చోట మంచి వెలుతురులో భూతద్దం పెట్టండి. చర్మంలో సూదిమొనంత రంధ్రాలు కనబడుతూ, వాటిలో నూగు ఉంటే ఇంకా సమయం ఉంది. చర్మం నున్నగా, రంధ్రాలు లేకుండా మెరుస్తుంటే సెలూన్‌లో ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి పంపండి. సవరం బరువును అంచు వెంట్రుకలకు కట్టకుండా, వెనక మధ్యలో వేసిన వదులు ముడికి కుట్టండి. అంచున 2 సెంటీమీటర్ల మేర జుట్టును లాగకుండా జెల్‌తో అణచండి. నెత్తిచుట్టిని పిన్నులతో కాకుండా దారంతో వెనక్కి కట్టండి. ప్రదర్శన అయిన వెంటనే జడ విప్పించండి, ఫోటోల కోసం రాత్రి దాకా ఉంచొద్దని వాళ్ల అమ్మలకు చెప్పండి. రిహార్సల్ రోజుల్లో సవరం అసలు అవసరం లేదు.